మొర వినిపించిన దారులు

కాందిశీకుడు అనే మాట మనకు సంస్కృతం నుండి వచ్చినది. “ఏ దిక్కునకు పోదును?” అని అడిగేవాడు కాందిశీకుడని వ్యుత్పత్తి చెప్పినారు. భయంచేత పారిపోయేవానికి పర్యాయపదంగా అమరసింహుడు దీనిని తన కోశంలో చేర్చినాడు. ఆ పదంలోనే ఒక ప్రశ్న ఉన్నది. ప్రశ్న ఉన్నచోట వినేవాడొకడు ఉండవలె. లేనిచో అది అరణ్యరోదనమే అవుతుంది. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ ప్రశ్న లక్షల గొంతులతో, ఒకప్పుడు కోటి గొంతులతో వినవచ్చినది. దానిని లోకం చెవిని వేయుటకు పత్రికలు, పాటకచేరీలు, మహాసభలు, తపాలా బిళ్ళలు, చివరకు బంతియాటలు కూడా సాధనాలైనవి. మన ఉపఖండంలో ఆ సాధనాలు ఏమి సాధించినవో, ఏ గడప దగ్గర ఆగిపోయినవో పరిశీలించుట ఈ వ్యాసానికి ఉద్దేశం.

ప్రచారమనగానే పెద్దమనుషులు కొంత ముఖం చిట్లించుకొంటారు. ఎన్నికల నాటి గోడపత్రాలు, అంగడి సరుకుల దండోరా వారికి జ్ఞాపకం వస్తవి. కష్టంలో ఉన్నవానికి గుప్పెడు మెతుకులు పెట్టవలె గాని డప్పు వేయించుట ఏమి మర్యాద అని వారి ప్రశ్న. కుడిచేయి ఇచ్చినది ఎడమచేయి ఎరుగరాదని విన్న జాతి మనది. ఒక ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు ఈ ధర్మం చాలును. పొగ చూచి ఇరుగుపొరుగు వారే పరుగెత్తి వస్తారు. ఒక దేశంలో పదో వంతు జనం గడపలు విడిచి సరిహద్దు దాటినప్పుడు ఆ పొగ ఎవరి కంటికీ పూర్తిగా ఆనదు. పైగా దానిని కప్పిపుచ్చవలెనని చూచే ప్రభుత్వాలు కూడా ఉంటవి. అట్టి సమయంలో చెప్పుట కూడా సహాయంలో ఒక భాగమే. అయితే ఎవరిని గురించి చెప్పినారు, ఎంతకాలం చెప్పినారు, చెప్పినదానివల్ల వారికి చివరకు ఏమి దక్కినది అని అడిగే హక్కు చరిత్ర చదివేవారికి ఉన్నది.

ఈ విద్యకు ఆధునిక కాలంలో ఆద్యుడని చెప్పదగినవాడు నార్వే దేశీయుడైన ఫ్రిడ్యోఫ్ నాన్సెన్. మంచు సముద్రాలలో తిరిగిన అన్వేషకుడాయన. 1921లో నానాజాతి సమితి ఆయనను కాందిశీకుల వ్యవహారాలకు ప్రధానాధికారిగా నియమించినది. వోల్గా తీరపు కరువు ఛాయాచిత్రాలను ఐరోపా నగరాలలో సభలకు చూపి ఆయన చందాలు కూడగట్టినాడు. దానికన్న పెద్ద పని, ఏ రాజ్యమూ తనవాడని ఒప్పుకొనని రష్యన్ కాందిశీకునికి 1922లో ఒక ప్రయాణపత్రం కల్పించినాడు. దానినే నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. దయను రేకెత్తించుట, ఆ దయను ఒక కాగితంగా మార్చుట అనే రెండు పనులనూ ఆయన ఒకే చేతితో చేసినాడు. తరువాతి కాలంలో మొదటి పని చేసినవారు అనేకులు. రెండవది చేసినవారు కొద్దిమంది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసి పదునాలుగేండ్లు గడచినా ఐరోపాలో శిబిరాలు మిగిలి ఉండెను. బ్రిటనులో నలుగురు యువకులు ఒక పత్రికలో చేసిన సూచనను ఐక్యరాజ్య సమితి స్వీకరించి 1959 జూను నుండి 1960 జూను వరకు ప్రపంచ కాందిశీక వత్సరంగా ప్రకటించినది. 1960 ఏప్రిల్ 7న సుమారు 70 దేశాలు ఆ సందర్భంగా తపాలా బిళ్ళలు వెలువరించినవి. వేళ్ళతో పెళ్ళగింపబడిన చెట్టు దానికి చిహ్నం. ఆ ఉత్సవం వల్ల ఐరోపా శిబిరాలు చాలావరకు ఖాళీ అయినవి. అది మెచ్చదగిన ఫలమే. అయితే ఆనాటి అంతర్జాతీయ శాసనం చూపు ఎక్కడిదాకా ప్రసరించినదో కూడా గమనించవలె. 1951 నాటి కాందిశీకుల ఒడంబడిక ఆ సంవత్సరం జనవరి 1కి ముందు జరిగిన సంఘటనలకు మాత్రమే వర్తించేది. అవి ఐరోపాలో జరిగినవై ఉండవలెనని పరిమితి పెట్టుకొనే స్వేచ్ఛ కూడా రాజ్యాలకు ఉండెను. ఈ కాలపరిమితి 1967లో గాని తొలగలేదు. దేశవిభజనలో ఇల్లు కోల్పోయిన కోటికి పైబడిన మన జనం ఆ శాసనం కంటికి ఆనలేదు.

కావున మన కాందిశీకులు తమ మొర తామే వినిపించుకొన్నారు. పడమటి పంజాబు నుండి వచ్చినవారికి కురుక్షేత్రం వంటి పెద్ద శిబిరాలు, ఆపైన పొలాలు, పట్టణాలు లభించినవి. తూర్పు వంగదేశం నుండి వచ్చినవారి కథ వేరు. వారు ఒక్కసారిగా రాలేదు. ఏడాది వెంట ఏడాది, అల్లరి వెంట అల్లరి జరిగినప్పుడెల్లా వచ్చినారు. కలకత్తా శివార్లలో ఖాళీ భూములు ఆక్రమించి పాకలు వేసుకొన్నారు. 1950లో ఐక్య కేంద్ర కాందిశీక మండలి స్థాపించుకొని నగర వీధులలో ఊరేగింపులు నడిపినారు. భిక్ష వద్దు, పునరావాసం మా హక్కు అన్నది వారి వాదం. ఋత్విక్ ఘటక్ 1960లో తీసిన ‘మేఘే ఢాకా తారా’ చలనచిత్రం ఆ కాలనీలలోని ఒక కుటుంబం కథ. సభలలో చెప్పలేనిదానిని ఆ చిత్రం చెప్పినది: కాందిశీకుని ఇంట్లో పెద్దకూతురి జీవితమే ఆ ఇంటికి కూలిపోని దూలమని.

ఆ జనంలో కొందరికి మన తెలుగునాటి పొలిమేరలోనే చోటు చూపినారు. 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థ ఏర్పడి బస్తరు, కోరాపుట్ జిల్లాల అడవులలో గ్రామాలు వేసినది. మన ఆదిలాబాదు జిల్లా కాగజ్‌నగర్ ప్రాంతంలో కూడా వంగ కుటుంబాలు స్థిరపడినవి. మల్కన్‌గిరి, పరల్‌కోట్ అడవులలోని ఆ క్రొత్త గ్రామాలలో అనేకం పేర్లతో గాక అంకెలతో పిలువబడినవి. ఇంగ్లీషు అక్షరాలు రెండు, వాటి ప్రక్కన ఒక సంఖ్య. నదులకు, చెరువులకు, ప్రతి కాలువకు పేరున్న సీమ నుండి వచ్చినవారు సంఖ్య గల ఊళ్ళో కాపురం పెట్టినారు. వరిమడి తప్ప ఎరుగని రైతుకు రాతినేల చూపినారు. ఈ సంగతి ఢిల్లీ పత్రికలలో కొద్దిగా వచ్చినది, లోకం పత్రికలలో రాలేదు.

లోకం చెవి ఒక్కమారు నిజంగా మన వైపు తిరిగినది 1971లో. మార్చి 25వ తేదీ రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకా నగరంపై విరుచుకుపడినది. విదేశీ విలేఖరులను హోటలులో నిర్బంధించి దేశం నుండి పంపివేసినారు. చెప్పేవాడు లేకపోతే జరిగినది జరగనట్టే అవుతుందని పాలకుల లెక్క. ఆ లెక్క తప్పినది. సైమన్ డ్రింగ్ అనే యువ విలేఖరి హోటలులోనే దాగి, తరువాత నగరం తిరిగి చూచి, మార్చి 30న లండన్ ‘డెయిలీ టెలిగ్రాఫ్’లో తన వార్త వెలువడునట్లు చేసినాడు. జూన్ 13న ‘సండే టైమ్స్’లో ఆంథొనీ మాస్కరేన్హాస్ వ్రాసిన దీర్ఘకథనం వచ్చినది. ఆయన కరాచీ పత్రికారచయిత. సైన్యం తనకు అనుకూలంగా వ్రాయవలెనని తూర్పు బెంగాలుకు తీసుకొనిపోయిన వారిలో ఒకడు. చూచినది చూచినట్లు వ్రాయుటకు ముందుగా భార్యాబిడ్డలను, తరువాత తనను దేశం దాటించుకొన్నాడు. సాక్ష్యం చెప్పినందుకు ఆయన కూడా స్వదేశం కోల్పోయినాడు.

ఇటు సరిహద్దు మీద జనప్రవాహం ఆగలేదు. 1971 డిసెంబరు మధ్యనాటికి భారత ప్రభుత్వ లెక్కలో నమోదైనవారు 98,99,305 మంది. వారిలో సుమారు 68 లక్షల మంది 825 శిబిరాలలో ఉండగా, మిగిలినవారు బంధువుల ఇండ్లలో, పరిచితుల పంచలలో తల దాచుకొన్నారు. పశ్చిమ వంగరాష్ట్రానికి వచ్చినవారే దాదాపు 75 లక్షలు. చిన్న రాష్ట్రమైన త్రిపుర జనసంఖ్య ఆనాడు పదిహేనున్నర లక్షలు. అక్కడికి చేరినవారు 14 లక్షలకు మించినారు. ప్రతి ఇంటి మనిషికి ఒక అతిథి వచ్చినట్లయినది. నీటి గొట్టాల మూసలలో సంసారాలు పెట్టినవారి ఛాయాచిత్రాలు కలకత్తా శివారులోని ఉప్పునీటి సరస్సు ప్రాంతం నుండి లోకమంతటికీ వెళ్ళినవి.

కలకత్తా నగరం ఆ సంవత్సరం ఒక పెద్ద గొంతుగా మారినది. ఆకాశవాణిలో ప్రణవేశ్ సేన్ వ్రాసిన వార్తావ్యాఖ్యలను దేవదులాల్ బందోపాధ్యాయ చదువుతుండగా సరిహద్దుకు అటు తలుపులు బిగించుకొని తక్కువ ధ్వనిలో విన్నారు. విశ్వవిద్యాలయ అధ్యాపకులు బంగ్లాదేశ్ సహాయక సమితి ఏర్పరచి కరపత్రాలు అచ్చువేసినారు. కాందిశీకులై వచ్చిన గాయకులు ఒక బండి ఎక్కి శిబిరం నుండి శిబిరానికి పాటలు పాడుతూ తిరిగినారు. వారి వెంట తిరిగిన అమెరికను ఛాయాగ్రాహకుడు లియర్ లెవిన్ తీసిన చిత్రభాగాలు పాతికేండ్ల దాకా మరుగుపడి ఉండి, తారేక్ మసూద్, కేథరిన్ మసూద్ దంపతుల చేత 1995లో ‘ముక్తిర్ గాన్’ చిత్రంగా రూపొందినవి. జహీర్ రైహాన్ తీసిన ‘స్టాప్ జెనొసైడ్’ అనే చిన్న చిత్రం ఆ సంవత్సరమే వెలువడినది.

వీటిలో బంతియాట ముచ్చట ప్రత్యేకమైనది. సరిహద్దు దాటి వచ్చిన ఆటగాండ్రు స్వాధీన బంగ్లా జట్టుగా ఏర్పడి జులై నెలలో నదియా జిల్లా కృష్ణనగరంలో మొదటి ఆట ఆడినారు. భారత ప్రభుత్వం బంగ్లాదేశ్‌ను గుర్తించినది డిసెంబరు 6న. అంతకు నాలుగు నెలల పైచిలుకు ముందే ఆ మైదానంలో ఆ దేశపు జెండా ఎగిరినది. తరువాత వారు ఊరూరా ఆడి టికెట్ల మీద వచ్చిన సొమ్మును విముక్తి నిధికి ఇచ్చినారు. ఇల్లు లేని వారు పదకొండుగురు జట్టుగా నిలువగా చూచిన ప్రేక్షకునికి, వీరు దేశం లేనివారు కారు, దేశం రావలసి ఉన్నవారు అని ఏ ఉపన్యాసమూ లేకుండా బోధపడినది.

దేశం వెలుపల ఈ పని నెత్తిన వేసుకొన్నవారిలో జయప్రకాశ్ నారాయణ్ ముఖ్యులు. ఏ ప్రభుత్వ పదవీ లేని ఆ వృద్ధుడు 1971 మే, జూన్ మాసాలలో కైరో, మాస్కో, లండన్, వాషింగ్టన్ వంటి రాజధానులు తిరిగి మంత్రులను, పత్రికాధిపతులను కలుసుకొన్నారు. సెప్టెంబరు 18 నుండి 20 వరకు ఢిల్లీలో బంగ్లాదేశ్ విషయమై అంతర్జాతీయ మహాసభ నడిపించినారు. అమెరికా సెనేటరు ఎడ్వర్డ్ కెనెడీ ఆగస్టులో శిబిరాలు చూచిపోయి తన దేశపు విధానాన్ని తన సభలోనే విమర్శించినాడు.

ఇక న్యూయార్కు కచేరీ. సంకల్పం పండిత రవిశంకరుది. ఆయన పూర్వుల ఊరు జెస్సోరు జిల్లాలోనిది. ఆయన గురువు అల్లావుద్దీన్ ఖాన్ పుట్టినది బ్రాహ్మణబాడియా ప్రాంతంలోని శివపురంలో. ఆ కోటి మందిలో తన నేల మనుషులు ఉన్నారని ఆయన బాధ. దానిని శిష్యుడు, మిత్రుడు అయిన జార్జి హారిసన్‌తో చెప్పుకొన్నాడు. 1971 ఆగస్టు 1న మేడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒకే రోజున రెండు కచేరీలు జరిగినవి. సుమారు 40,000 మంది విన్నారు. మొదట రవిశంకర్ సితారు, అలీ అక్బర్ ఖాన్ సరోదు, అల్లారఖా తబలా. వాద్యాలు శ్రుతి చేసుకోవటం ముగియగానే జనం చప్పట్లు కొట్టినారు. శ్రుతికే ఇంత సంతోషించితిరి గనుక వాదనకు ఇంకను సంతోషింతురని ఆశిస్తున్నానని రవిశంకర్ నవ్వుతూ అన్నాడు. ఆ సంగీతం గాని, ఆ నేల గాని వారు ఎరుగరు. ఎరుగనివారు వచ్చినారనుటయే ఆ కచేరీ విశేషం.

ఆనాటి టికెట్ల మీద వచ్చినది సుమారు 2,43,000 డాలర్లు. శరణు వేడి వచ్చినవారి తలలకు పంచితే ఒక్కొక్కరికి రెండున్నర సెంట్లు కూడా రావు. తరువాత వెలువడిన రికార్డుల మీద, చలనచిత్రం మీద ఎక్కువ ధనం వచ్చినది గాని, ఏర్పాటులో ముందుచూపు కొరవడి పన్నుల చిక్కులలో పడి చాలా భాగం ఏండ్ల తరబడి నిలిచిపోయినది. ఆ సొమ్ము కదలునప్పటికి ఆ శిబిరాలే లేవు. ధనం లెక్కలో చూస్తే కచేరీ చిన్నది. ఇంకను ఏ పెద్ద రాజ్యమూ ఉచ్చరించని ‘బంగ్లాదేశ్’ అనే పేరును ఒక్క సాయంకాలంలో లక్షల ఇండ్లలోకి చేర్చినది; ఆ లెక్కలో పెద్దది. సెప్టెంబరు 18న లండన్ ఓవల్ మైదానంలో మరొక కచేరీ జరిగినది. తరువాతి దశాబ్దాలలో కరువులకు, యుద్ధాలకు లోకమంతటా జరిగిన సహాయ కచేరీలకు ఇవి ఒరవడి పెట్టినవి.

ఆక్స్‌ఫామ్ సంస్థ వేరొక దారి పట్టినది. అక్టోబరు 21న ‘అరువది మంది సాక్ష్యం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పత్రం ప్రచురించినది. శిబిరాలు స్వయంగా చూచిన అరువది మంది, వారిలో మదర్ థెరిసా, కెనెడీ, విలేఖరులు, వైద్యులు ఉన్నారు, తాము కన్నది తమ మాటలలో చెప్పినారు. దానిని దేశాధినేతలకు, ఐక్యరాజ్య సమితి ప్రతినిధులకు పంపినారు. అందులో వాదం తక్కువ, చూపు ఎక్కువ. కచేరీ హృదయాన్ని కదలించగా ఈ పత్రం “నాకు తెలియలేదు” అని చెప్పే సౌకర్యాన్ని పాలకులకు లేకుండా చేసినది.

ఇవన్నీ కాందిశీకుని గురించి ఇతరులకు చెప్పిన మాటలు. కాందిశీకునికే చెప్పవలసిన మాట ఒకటి ఆ వేసవిలో ప్రాణావసరమైనది. శిబిరాలలో కలరా చెలరేగినది. బనగాఁవ్ ఆసుపత్రిలో నేలమీద పడి ఉన్న రోగులకు నరాలలో ఎక్కించే సెలైను చాలలేదు. వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పు, తినే సోడా, గ్లూకోజు పాళ్ళు కుదిర్చి నీటిలో కలిపించి, తల్లులచేత, అన్నదమ్ములచేత రోగులకు త్రాగించినాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు ఆ శిబిరంలో నూటికి నాలుగుకు లోపడినవి. అంతటితో ఆగక, ఆ కలిపే విధానాన్ని కరపత్రాలుగా వ్రాయించి సరిహద్దు వెంట పంచినారు. రహస్యంగా నడిచే బంగ్లా రేడియోలో చదివించినారు. ఆ సంవత్సరం జరిగిన ప్రచారాలన్నింటిలో అత్యధిక ప్రాణాలు నిలిపినది ఈ నాలుగు వాక్యాల కరపత్రమేమో. దానికి ఏ వేదికా లేదు, చప్పట్లూ లేవు.

1971 నవంబరు 15 నుండి భారత ప్రభుత్వం తపాలా మీద అయిదు పైసల కాందిశీక సహాయ సుంకం విధించినది. క్రొత్త బిళ్ళ సిద్ధమయ్యేలోగా కుటుంబనియంత్రణ బిళ్ళల మీదనే కాందిశీక సహాయమని రెండు భాషలలో అచ్చుగుద్ది వాడినారు. కలకత్తా చూడని కర్నూలు రైతు కొడుకుకు ఉత్తరం వ్రాసినా, గుజరాతు వర్తకుడు సరుకుకు వ్రాసినా, ఆ అయిదు పైసల బిళ్ళ అంటించవలసినదే. అది విధింపు గనుక దానిని దానమనలేము. అయినా దేశంలో ప్రతి ఉత్తరం మీద ఆ మాట ఉండుటవల్ల, సరిహద్దు రాష్ట్రాల బరువు దేశమంతటి బరువని ప్రతి చదువరికీ చేరినది.

డిసెంబరు 16న యుద్ధం ముగిసినది. 1972 మార్చి నాటికి దాదాపు అందరూ తమ నేలకు తిరిగి వెళ్ళినారు. అంత పెద్ద వలస అంత త్వరగా తిరుగుముఖం పట్టిన ఉదాహరణలు చరిత్రలో అరుదు. ఈ కథను ఇక్కడ ముగించి మంగళం పాడుట సులభం. కాని లోకం చెవి తిరిగి మూసుకొన్న తరువాత జరిగినవి కూడా ఈ చరిత్రలోనివే.

దండకారణ్యంలో అంకెల ఊళ్ళలో ఉండలేక 1978లో వేల కుటుంబాలు సుందరవనాలలోని మరిచ్‌ఝాపి దీవికి చేరినవి. వారే బడి కట్టుకొన్నారు, గట్లు పోసుకొన్నారు. అది రక్షితారణ్యమని రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం చెప్పి 1979 జనవరిలో దీవి చుట్టూ పోలీసు పడవలు నిలిపి తిండి, నీళ్ళు అందకుండా చేసినది, కాల్పులు జరిగినవి, మే నెలలో గుడిసెలు తగులబెట్టి జనాన్ని ఖాళీ చేయించినారు. పత్రికలవారిని అక్కడికి పోనీయలేదు. చనిపోయినవారి సంఖ్య నేటికీ వివాదంలోనే ఉన్నది. ఎనిమిదేండ్ల క్రింద తూర్పు వంగ కాందిశీకుని కోసం పాడిన నగరం ఆ వంగ కాందిశీకునికే ఈమారు చెవి ఒగ్గలేదు. వీరిలో అత్యధికులు నిమ్నకులాలవారు అనేది ఇక్కడ మరువరాని సంగతి.

సరిహద్దుకు అటు మరొక మూగగాథ. 1946-47 హింసలో బిహారు మొదలైన సీమల నుండి తూర్పు బెంగాలుకు పోయిన ఉర్దూ భాషీయులు 1971లో రెండవమారు నిరాశ్రయులైనారు. వారిలో కొందరు పాకిస్తాన్ సైన్యానికి తోడ్పడినారు. ఆ కొందరి నేరం అందరి నెత్తిన పడినది. యుద్ధానికి ముందు, తరువాత కూడా వారిలో నిరపరాధులెందరో హతులైనారు. మిగిలినవారు శిబిరాలలో చేరినారు. ఢాకా మొహమ్మద్‌పూర్‌లోని శిబిరానికి రెడ్‌క్రాస్ జ్ఞాపకంగా జెనీవా క్యాంపని పేరు. 1973 ఢిల్లీ ఒప్పందం తరువాత కొందరిని పాకిస్తాన్ తీసుకొన్నది. మిగిలిన లక్షల మందిని ఏ దేశమూ తనవారనలేదు. వీరికై ఎవరూ కచేరీ చేయలేదు. శత్రువు ప్రక్కన నిలిచినవాడని పేరుపడినవాని దుఃఖానికి పాట కట్టుట కష్టం. శిబిరంలో పుట్టి పెరిగిన యువకులే చివరకు న్యాయస్థానం మెట్లెక్కినారు. 2003లో పదిమంది తమ పేర్లు ఓటర్ల జాబితాలో చేర్చవలెనని తీర్పు పొందినారు. 2008 మేలో ఢాకా హైకోర్టు ఆ న్యాయాన్ని శిబిరవాసులందరికీ విస్తరించినది. ఆ డిసెంబరు ఎన్నికలలో వారు ఓటు వేసినారు. మూడున్నర దశాబ్దాల తరువాత వారికి దేశం ఇచ్చినది ఒక వ్యాజ్యం.

దేశం లేనితనం ఎల్లప్పుడూ పారిపోవుట వల్లనే కలుగదు. కదలకుండా ఉన్నవాని క్రింద నుండి కూడా దేశం తొలగిపోవచ్చును. ఇంగ్లీషువారి కాలంలో తమిళ జిల్లాల నుండి సింహళద్వీపపు టీ, కాఫీ తోటలకు కూలీలను తీసుకొనిపోయినారు. స్వతంత్రం వచ్చిన 1948లోనే అక్కడి పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను పరాయివారిని చేసినది. 1964 అక్టోబరులో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, ఆ దేశపు ప్రధాని సిరిమావో బండారనాయకే కూర్చొని 9,75,000 మందిని లెక్కించి, 5,25,000 మంది భారతానికి, 3,00,000 మంది సింహళానికి, మిగిలిన 1,50,000 మంది సంగతి తరువాత అని పంచుకొన్నారు. ఆ ఒప్పందంలో ఆ మనుషులను అడిగినవారు లేరు.

2003 అక్టోబరులో శ్రీలంక పార్లమెంటు ఏకగ్రీవంగా ఒక శాసనం చేసి, 1964 అక్టోబరు 30 నుండి అక్కడ నివసిస్తున్న భారత సంతతివారికి, వారి వారసులకు పౌరసత్వం ప్రసాదించినది. శాసనం పుస్తకంలో ఉంటే తోటలోని కూలికి ఏమి తెలియును? అందుచేత ఆ డిసెంబరులో ఐక్యరాజ్య సమితి కాందిశీక సంస్థ సహాయంతో, తోట కార్మిక సంఘాల తోడ్పాటుతో ఒక ప్రచారం నడిచినది. చట్టం సంగతి తోటతోటకు చాటినారు. 50 సంచార బృందాలు కొండల మీది తోటలకు పోయి, అక్కడికక్కడే దరఖాస్తులు వ్రాయించి తీసుకొన్నవి. సుమారు పది రోజులలో 1,90,000 మంది పౌరులైనారు. మూడు తరాలుగా ఆకు కోసిన చేతులలోకి తాము ఫలానా దేశంవారమనే కాగితం వచ్చినది. నేను ఎరిగినంతలో ఇంత తక్కువ ఆర్భాటంతో ఇంత గొప్ప ఫలమిచ్చిన ప్రచారం మన ప్రాంతంలో మరొకటి లేదు. దయను కాగితంగా మార్చిన నాన్సెన్ మార్గమే ఇది.

చరిత్ర చక్రం వింతగా తిరుగుతుంది. 1971లో కోటి మందిని పంపిన నేల 2017లో లక్షల మందికి ఆశ్రయమిచ్చినది. బర్మా దేశపు 1982 పౌరసత్వ చట్టం అరకాను సీమలోని రోహింగ్యాలను దేశం లేనివారిగా మిగిల్చినది. 1978లో, 1991-92లో పెద్ద వలసలు జరిగినవి. 2017 ఆగస్టు 25 తరువాత 7 లక్షలకు పైగా జనం నాఫ్ నది దాటి కాక్స్‌బజారు జిల్లాకు చేరినారు. అక్కడి కుతుపాలంగ్ లోకంలోకెల్ల పెద్ద కాందిశీక శిబిరమైనది.

ఆ శిబిరంలో మొహిబుల్లా అనే ఉపాధ్యాయుడు గుడిసె గుడిసెకు పోయి, చంపబడినవారి పేర్లు, ఊళ్ళు, తేదీలు వ్రాసుకొన్నాడు. 1971లో అరువది మంది ఇతరులు చెప్పిన సాక్ష్యాన్ని ఇప్పుడు బాధితులే చెప్పినారు. 2019లో ఆయన జెనీవాలో మానవహక్కుల సభ ముందు మాట్లాడినాడు. ఆ ఆగస్టు 25న శిబిరంలో మహాసభ జరిపించగా అశేష జనం చేరినారు. పౌరసత్వం, భద్రత కల్పిస్తే స్వదేశానికి పోదుమన్నదే వారి కోరిక. తరువాత కొద్దిదినాలకే శిబిరాలలో సంచార టెలిఫోనుల మీద అధికారులు ఆంక్షలు పెట్టినారు. ఏడాది దాకా అవి సడలలేదు. 2021 సెప్టెంబరు 29న శిబిరంలోనే దుండగులు మొహిబుల్లాను కాల్చి చంపినారు. కాందిశీకుడు జాలికి పాత్రుడుగా ఉన్నంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు. సాక్షిగా నిలబడి మాట్లాడినప్పుడే అతనికి అపాయం కలుగుతున్నది.

ఇప్పుడు ఏటేటా జూన్ 20 ప్రపంచ కాందిశీక దినం. ఐక్యరాజ్య సమితి నిర్ణయం ప్రకారం 2001 నుండి జరుపుతున్నారు. ఏ దేశానికీ చెందనివారు లేకుండా చేయవలెనని 2014లో ఆరంభించిన పదేండ్ల ఉద్యమం 2024లో ముగిసినది. అయిదు లక్షలకు పైగా జనం పౌరసత్వం పొందినారు గాని సంకల్పం నెరవేరలేదు. మన దేశం 1951 ఒడంబడికలో గాని, దేశం లేనివారికి సంబంధించిన 1954, 1961 ఒడంబడికలలో గాని చేరలేదు. కాందిశీకుల కొరకు ప్రత్యేక శాసనమూ చేసుకొనలేదు. కోటి మందికి తలుపు తీసిన దేశం మనది. అయితే తీసిన తలుపు ఒకనాటి మనసును బట్టి తీసినది. రేపు వచ్చేవానికి అది తెరచి ఉంటుందో మూసి ఉంటుందో ముందుగా చెప్పగల శాసనం లేదు.

కచేరీలు జరుగవలసినదే, కవులు పాడవలసినదే, విలేఖరులు ప్రాణాలకు తెగించి వ్రాయవలసినదే. అవి లేకపోతే 1971 కూడా మరిచ్‌ఝాపి అయ్యేది. కాని ప్రచారం ఫలించినదా అని అడుగవలసిన సమయం సభ జరిగిన సాయంకాలం కాదు. దీపాలు ఆర్పి, ఛాయాగ్రాహకులు వెళ్ళిపోయిన పిమ్మట పదేండ్లకు ఆ శిబిరానికి పోయి, మీ బిడ్డకు బడిలో పేరు వ్రాసుకొన్నారా, మీ ఊరికి పేరున్నదా, మీ చేతిలో కాగితం ఉన్నదా అని అడుగవలె. ఉన్నదని ఆ తల్లి చెప్పగలిగిననాడు మొర వినబడినట్లు.